దుభాషిని నమ్ముకొన్న కంప్యూటరు విద్య

తెలుగు పాఠము చెప్పుకొను మేము జావా గురించి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. ఎప్పటివలె పోతన పద్యముల గురించియో, దక్కనీ ఉర్దూలో కలిసిపోయిన తెలుగు మాటల గురించియో వ్రాసి ఊరకుండవలసినదని మిత్రులొకరు సలహా ఇచ్చినారు. కాని గడచిన విద్యా సంవత్సరములో మా కన్నులయెదుట జరిగిన ఒక సంగతి మమ్ము వదలకున్నది. పైకి అది కంప్యూటరు విభాగమునకు సంబంధించినది. మూలములోనికి పోయి చూచినచో అది అనువాదమునకు సంబంధించినది. రెండు భాషల నడుమ రాకపోకలు చేయుట మన కళాశాలలో అందరి నిత్యకృత్యము, మాకైతే వృత్తి. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుటకు సాహసించుచున్నాము.

మన కళాశాల ఉన్న ప్రాంతమునకు ఏ.ఎస్. రావు నగర్ అని పేరు. ఆ రావుగారెవరని మొదటి సంవత్సరము విద్యార్థులను అడిగితిమి. ఒకరు మంత్రి అన్నారు. ఒకరు ఈ భూముల యజమాని అన్నారు. అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అణుశాస్త్రవేత్త. 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసినప్పుడు దానికి తొలి మేనేజింగ్ డైరెక్టరు. మనము ప్రతిదినము బస్సు దిగు ఈసీఐఎల్ చౌరస్తాకు ఆ పేరు ఆ సంస్థవలననే వచ్చినది. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అను పన్నెండు బిట్ల కంప్యూటరు 1969లో ఆ సంస్థ ద్వారా వెలువడినది. సరిగా ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1970లో, అమెరికాలోని శాన్ హోసేలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసము ప్రకటించినాడు. లోకములోని వివరములన్నిటిని పట్టికలుగా వ్రాసి, ఆ పట్టికలను గణితములోని సంబంధములుగా భావించి ప్రశ్నలు వేయవచ్చునని ఆయన వాదము. నేటి డేటాబేసులలో అధికభాగము ఆ వ్యాసమునకు వారసులే. ఆ పట్టికలను అడుగు భాష ఎస్‌క్యూఎల్. అది 1974 నాటికే పుట్టినది. మన పిల్లలలో అనేకుల తల్లిదండ్రుల కంటె అది వయసులో పెద్దది.

ఇక మన కథ. మన గ్రంథాలయములో ఉర్దూ పుస్తకములు ఒక వైపు బీరువాలలోను, తెలుగు పుస్తకములు ఇంకొక వైపు బీరువాలలోను ఉన్నవి. ఏ పుస్తకము ఎక్కడ ఉన్నదో గ్రంథపాలకులకు తప్ప ఇతరులకు తెలియదు. డిగ్రీ చివరి సంవత్సరము కంప్యూటరు విద్యార్థులు ఐదుగురు కలిసి జావాలో ఒక గ్రంథాలయ ప్రోగ్రామును తమ ప్రాజెక్టుగా తలపెట్టినారు. ఉర్దూ పేర్లను తెలుగు లిపిలో ఎట్లు వ్రాయవలెనో చెప్పుటకు మమ్ము పిలిచినారు. అట్లు మేము వారి ప్రయోగశాలలో అడుగు పెట్టితిమి.

మొదటి దినముననే ఒక ప్రశ్న వేసితిమి. "మీ పుస్తకముల వివరములు ఏ పట్టికలలో, ఏ విధముగా ఉండును?" అని. అందులో చురుకైన కుర్రవాడు నవ్వి, "టేబుల్ సంగతి మనకెందుకు సార్, అదంతా హైబర్నేటే చూసుకుంటది" అన్నాడు. ఆ మాట మాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పగలము.

కమిటీ పెద్దలలో కంప్యూటరు చదువనివారు కలరు కనుక సంగతి కొంత విప్పి చెప్పవలసి ఉన్నది. పట్టిక అనగా మన హాజరుపట్టీ వంటిది. అడ్డముగా వరుసలు, నిలువుగా గడులు. ఒక విద్యార్థి అనగా అందులో ఒక వరుస. అంతకు మించి ఏమియు లేదు. అతడు ఏ గ్రూపు, ఎవరి కుమారుడు అన్నచో ఇంకొక పట్టికలోని నంబరు చూపవలసినదే. జావా అట్లు కాదు. జావాలో విద్యార్థి అనగా ఎదుట వచ్చి నిలిచిన మనిషి వంటి ఆబ్జెక్టు. అతని చేతిలో పుస్తకమున్నది. ఆ పుస్తకమును పట్టుకొని పోయినచో రచయిత కనబడును. రచయితను పట్టుకొని పోయినచో అతని ఇతర గ్రంథములు కనబడును. ఒకటి వరుసల లోకము, ఇంకొకటి మనుషుల లోకము. విద్యుత్తు పోయినచో మనుషుల లోకము మాయమగును. వరుసల లోకము డిస్కుమీద మిగులును. కనుక ప్రతి ఆబ్జెక్టును వరుసలుగా విడగొట్టి దాచుట, వరుసలనుండి మరల ఆబ్జెక్టును నిలబెట్టుట ఎవరో ఒకరు చేయవలెను.

ఆ పనిని 1997లో జావాతో వచ్చిన జేడీబీసీ అను సాధనముతో మొదట ప్రోగ్రామరులే చేతితో చేసెడివారు. ఒక్కొక్క గడికి ఒక్కొక్క పంక్తి. గడి పేరులో ఒక అక్షరము తప్పినను ప్రోగ్రాము నడుచువరకు తెలియదు. విసుగు పుట్టించు చాకిరి. ఆ చాకిరిని తప్పించుటకు పుట్టినదే ఆబ్జెక్టు-రిలేషనల్ మ్యాపింగ్. క్లుప్తముగా ఓఆర్ఎం అందురు. ఈ క్లాసు ఈ పట్టిక, ఈ పేరు ఈ గడి అని ఒకసారి చెప్పినచో చాలును. ఎస్‌క్యూఎల్ వాక్యములను అదే వ్రాసి, అదే పంపి, జవాబును ఆబ్జెక్టులుగా తెచ్చి చేతిలో పెట్టును. మచిలీపట్నములోను, చెన్నపట్నములోను కంపెనీ దొరలకు, మన వర్తకులకు నడుమ దుభాషీలు ఉండెడివారు గదా, ఓఆర్ఎం చేయునది ఆ దుభాషి పని.

జావా లోకములో ఈ దుభాషికి కొంత చరిత్ర కలదు. మొదట పెద్ద కంపెనీలు ఎంటిటీ బీన్సు అను పద్ధతిని తెచ్చినవి. అది ఎంత క్లిష్టమైనదనగా, దానితో విసిగి గావిన్ కింగ్ అను ప్రోగ్రామరు 2001లో హైబర్నేటును ఆరంభించినాడు. అది ఉచితముగా అందినది, తేలికగా పనిచేసినది, లోకమంతటా వ్యాపించినది. 2006లో జావావారు ఆ మార్గమునే ప్రమాణముగా స్వీకరించి జేపీఏ అని పేరు పెట్టినారు. నేడు కంపెనీలలో విరివిగా వాడు స్ప్రింగ్ బూట్ వెనుక సాధారణముగా పనిచేయునది ఇదే. ఇంత కీర్తి వచ్చిన 2006లోనే టెడ్ న్యూవర్డ్ అను అమెరికా ప్రోగ్రామరు ఓఆర్ఎమును వియత్నాము యుద్ధముతో పోల్చి ఒక వ్యాసము వ్రాసినాడు. దిగుట సులభము, ఎంత లోతు దిగినను గెలుపు కనబడదు, వెనుకకు వచ్చుటకు మార్గము లేదని ఆయన భావము. ఆ పోలిక అతిగా ఉన్నదని మా అభిప్రాయము. వేలకొలది కార్యాలయములు దీనితో దినమును గడుపుకొనుచునే ఉన్నవి. దుభాషిని వెళ్లగొట్టుమని మేము చెప్పుట లేదు.

మరి మేము చెప్పునదేమి? దానికి గాలిబు సహాయము కావలెను.

మన గ్రంథాలయములో దాశరథి కృష్ణమాచార్యులవారి 'గాలిబ్ గీతాలు' ఉన్నది. 1961 నాటి గ్రంథము. గాలిబు ఉర్దూలో చెప్పినదానిని దాశరథిగారు తెలుగు చేసినారు. మన విద్యార్థులు పుస్తకము అను క్లాసులో రచయిత అని ఒక స్థానము మాత్రమే ఉంచినారు. పుస్తకమునకు ఒక రచయిత ఉండును గదా అని వారి నమ్మకము. ఆ స్థానములో దాశరథి పేరు వ్రాసినారు. ఉర్దూ విభాగమునుండి ఒక విద్యార్థిని వచ్చి గాలిబు పేరుతో వెదకినది. దీవాన్లు వచ్చినవి, ఈ పుస్తకము రాలేదు. రెండు భాషల కళాశాలలో, రెండు భాషలను కలిపిన గ్రంథమే కనబడకపోయినది! హైబర్నేటు ఏమైన తప్పు చేసినదా? లేదు. చెప్పినది చెప్పినట్లు దాచినది. దుభాషి మనము అన్న మాటను అనువదించును గాని, మనము అనవలసిన మాట అది కాదని చెప్పడు.

అప్పుడు వారితో కూర్చొని కాగితముమీద గడులు గీసితిమి. పుస్తకమునకు ఒక పట్టిక, వ్యక్తికి ఒక పట్టిక, ఆ రెండిటి నడుమ మూడవ పట్టిక ఒకటి. అందులో ఏ పుస్తకము, ఏ వ్యక్తి, ఏ పాత్ర అని మూడు సంగతులు. పాత్ర అనగా మూలకర్త, అనువాదకుడు, సంపాదకుడు, వ్యాఖ్యాత. గాలిబునకు ఒక వరుస, దాశరథికి ఒక వరుస. కాడ్ చెప్పిన పద్ధతి ఇంతే. దీనికి కంప్యూటరు కూడ అక్కరలేదు, పెన్సిలు చాలును. తమాషా ఏమనగా, ఈ బొమ్మను తిరిగి జావాలో పెట్టబోయినప్పుడు, నడిమి పట్టికలో పాత్ర అను అదనపు గడి ఉన్నందున, జేపీఏలోని 'మెనీ టు మెనీ' అను సులభమార్గము పనికి రాలేదు. నడిమి పట్టికనే ఒక ఎంటిటీగా ప్రకటింపవలసి వచ్చినది. పట్టికల బొమ్మ ముందుగా ఎరిగినవారికి అది అరగంట పని. ఎరుగనివారు రెండు దినములు వెదకి, పాత్ర అను గడినే తీసివేయుటకు సిద్ధపడుదురు. మనవారు సిద్ధపడినారు కూడ. సాధనమునకు పట్టలేదని సత్యమును కత్తిరించుటకు పూనుకొనుట అచ్చముగా చెడ్డ అనువాదకుని లక్షణము. మేము ఎరిగిన రోగమే.

తరువాత వేగము సంగతి. అప్పటికి చేర్చిన పుస్తకములు 412. వాటి జాబితాను తెరమీద చూపు పుట ఒకటి తయారైనది. ఒక కంప్యూటరులో బాగుగనే ఉండెను. గ్రంథాలయములోని మూడు కంప్యూటర్లలోను ఒకేసారి తెరచినప్పుడు మాత్రము తెర నిలిచిపోవుచుండెను. కంప్యూటర్లు పాతవని, కొత్తవి కొనిపింపవలెనని విద్యార్థులు తేల్చినారు. కమిటీకి అర్జీ కూడ వ్రాసినారు. ఆ అర్జీని దిద్దుటకు మాయొద్దకే తెచ్చినారు. హైబర్నేటు పంపు ఎస్‌క్యూఎల్ వాక్యములన్నిటిని చూపు అమరిక ఒకటి కలదని కంప్యూటరు అధ్యాపకులు చెప్పగా, దానిని తెరచి కాగితముమీద అచ్చు వేయించితిమి. పుటలకు పుటలు వచ్చినవి. మొదటి వాక్యము పుస్తకములన్నిటిని అడిగినది. తరువాత ఒక్కొక్క పుస్తకమునకు దాని వ్యక్తుల కొరకు ఒక్కొక్క వాక్యము. మొత్తము 413 ప్రశ్నలు.

దీనిని ఆ రంగమువారు 'ఎన్ ప్లస్ వన్' అందురు. కారణము సులభము. అవసరము వచ్చినప్పుడే తెచ్చెదనని దుభాషి కొన్ని వివరములను వెనుక ఉంచుకొనును. అది మంచి అలవాటే. ఒక పుస్తకము అడిగినవానికి గ్రంథాలయమంతయు మోసుకొని రానక్కరలేదు. కాని నాలుగు వందల పుస్తకములకు నాలుగు వందలసార్లు నడచుట నడకయే గాని పని కాదు. 'జాయిన్ ఫెచ్' అని రెండు మాటలు చేర్చినంతనే 413 ప్రశ్నలు ఒకటైనవి. కంప్యూటర్ల అర్జీని చింపివేసితిమి. ఆ రెండు మాటలు ఎక్కడ చేర్చవలెనో తెలియవలెనన్నచో 'జాయిన్' అనగా ఏమో ముందు తెలియవలెను గదా! అది ఎస్‌క్యూఎల్ పాఠములోనిది. ఆ పాఠమును మనవారు పరీక్షకు చదివి మరచినారు.

ఇంతవరకు జరిగినవి చిన్నవి. జనవరిలో జరిగినది చిన్నది కాదు. సంక్రాంతి సెలవులలో ఇద్దరు విద్యార్థినులు దినమునకు నాలుగు గంటలు కూర్చొని ఇంకను చాల పుస్తకములు ఎక్కించినారు. ఉర్దూ పేర్లను ఒకరు చదువగా ఇంకొకరు కొట్టినారు. సెలవులు ముగిసిన మరునాడు ఒక చిన్న సవరణ చేసి ప్రోగ్రామును ఆపి మరల నడిపినారు. జాబితా తెరచినచో ఒక్క పుస్తకము లేదు. పట్టికలు ఉన్నవి, వరుసలు లేవు. ఆ ఇద్దరిలో ఒకామె మాయొద్దకు వచ్చి, "అంతా పోయింది సార్" అని మాత్రము అన్నది.

కారణము వెదకగా ఒక పంక్తిలో దొరికినది. డీడీఎల్-ఆటో అను అమరిక ఒకటి కలదు. క్లాసులను చూచి పట్టికలను తానే కట్టుకొనుమని దుభాషికి ఇచ్చు అధికారము అది. దానికి 'క్రియేట్' అని విలువ ఇచ్చినచో, ప్రోగ్రాము ఆరంభమైన ప్రతిసారి ఉన్న పట్టికలను పడగొట్టి కొత్తవి కట్టును. నేర్చుకొనువారికి, ప్రయోగములు చేయువారికి అది సౌకర్యము. నిజమైన వివరములు ఉన్నచోట అది ఇంటికి తాళము వేయుటకు బదులు నిప్పు పెట్టుట. మనవారు మొదట ఎక్కడనో పాఠములో చూచిన పంక్తిని తెచ్చి పెట్టుకొన్నారు. కాగితముమీద కొత్త పట్టికలు గీసినప్పుడు విలువను 'అప్‌డేట్' అని మార్చుకొన్నారు. జనవరిలో పాత ఫైలును మీద వేసుకొన్నప్పుడు పాత 'క్రియేట్' తిరిగి వచ్చినది. నకలు తీసి దాచలేదు. 'డ్రాప్ టేబుల్' అను ఎస్‌క్యూఎల్ వాక్యమును స్వహస్తములతో ఒక్కసారైన కొట్టినవాడు దానిని చూచి భయపడును. వీరు దానిని ఎన్నడును కొట్టలేదు. వీరి పక్షమున దుభాషి కొట్టినాడు. ఇప్పుడు ఆ స్థానములో 'వ్యాలిడేట్' అని ఉన్నది. అనగా పట్టికలు క్లాసులతో సరిపడుచున్నవో లేదో చూడుము, చేయి మాత్రము వేయకుము అని.

మనకు మిగిలినది గ్రంథపాలకులు స్వహస్తములతో వ్రాసిన అక్సెషన్ రిజిస్టరు. ఎర్రని బైండు, నీలపు సిరా. దానిని పెట్టుకొని మరల మొదటినుండి.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఇది వేగమునకో, పుస్తకములకో సంబంధించినది కాదు. మన పిల్లల పేర్లకు సంబంధించినది. గ్రంథాలయ సభ్యుల పట్టికకు విద్యార్థులు ఒక ఉదాహరణను చూచి రెండు గడులు పెట్టినారు. మొదటి పేరు, ఇంటిపేరు. రెండును ఖాళీగా ఉండరాదని నియమము. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వచ్చును. ఆ ఉదాహరణ వ్రాసిన దేశములో వెనుక వచ్చును. కోస్తా జిల్లాల ముస్లిము కుటుంబములలో షేక్, సయ్యద్, పఠాన్ అనునవి ఇంటిపేరువలె ముందు నిలుచును. హైదరాబాదు కుటుంబములలో అనేకులకు అట్టిది ఉండదు, ఉన్నదంతయు పేరే. ఆడపిల్లల పేరు చివర వచ్చు బేగం, సుల్తానా, ఫాతిమా అనునవి ఇంటిపేర్లు కావు. ఒకే ఇంటి అక్కచెల్లెండ్రకు అవి వేరువేరుగా ఉండవచ్చును. ఇప్పుడు ఖాళీగా ఉండరాదను గడిలో ఏమి వ్రాయవలెను? కొందరికి ఒక చుక్క పెట్టినారు. కొందరికి పేరునే రెండుగా విరిచినారు. కొందరికి తండ్రి పేరు వేసినారు. సభ్యత్వ కార్డులు అచ్చైనప్పుడు ఒక విద్యార్థిని తన పేరు ప్రక్కన చుక్కను చూచి, ఇది ఎవరి పేరని అడిగినది.

ఇది నవ్వుకొని వదలివేయవలసిన సంగతి కాదు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి, రెండవ గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చగుచుండును. మొదటి పేరు తెలియదు అని దాని అర్థము. ఎక్కడనో ఒక పట్టికలో గడి ఖాళీగా ఉండరాదని ఎవరో నిర్ణయించినందున ఒక మనిషి తన పేరు తెలియనివాడు అగుచున్నాడు. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక తీరు, ఆధారు కార్డులో ఒక తీరు, డిగ్రీ మెమోలో ఒక తీరు పేరు పడి, నోటరీ అఫిడవిట్లకొరకు తిరిగిన మన పూర్వ విద్యార్థులు ఎందరో కలరు. ఆ గడులు గీయువారిలో రేపు మన విద్యార్థులు కూడ ఉందురు. గడి గీయుట దుభాషి పని అనుకొన్నవారు గీసిన గడిలో ఎవరి పేరు ఇముడునో, ఎవరి పేరు ఇమడదో ఆలోచింపరు.

గడి లేకపోవుట కూడ అట్టిదే. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే 2020 అక్టోబరు 29న ధరణి పోర్టలు ఆరంభమైనది. పాత పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడి ఉండెడిది. ధరణిలో అది లేకపోయినది. దానిమీద ఎంత వాదము నడచినదో పత్రికలు చదువువారికి తెలియును. 2025 ఏప్రిల్ 14న దాని స్థానములో భూభారతి వచ్చినది. మేమిక్కడ రాజకీయము మాటలాడుట లేదు. ఏది మంచిదో తీర్పు చెప్పుటకు మేము చాలము. పట్టికలో ఒక గడి ఉండుట, ఉండకపోవుట పొలము దున్నువాని జీవితమునకు సంబంధించినదని మాత్రము మన పిల్లలకు తెలియవలెను.

ఇప్పుడు కమిటీ వారితో మా మనవి. సిలబసు విశ్వవిద్యాలయము చేతిలోనిది. ప్రయోగశాలలోని అదనపు గంటలు మాత్రము మన చేతిలోనివి. ఆ గంటలలో నడుచు ఎస్‌క్యూఎల్ అభ్యాసమును తీసివేసి, ఆ స్థానములో స్ప్రింగ్ బూట్, హైబర్నేట్ శిక్షణను పెట్టవలెనని ప్రతిపాదన వచ్చినదని విన్నాము. ప్రతిపాదించినవారి ఉద్దేశము మంచిదే. ఉప్పల్ పరిసరములలోను, పోచారములోని ఇన్ఫోసిస్ వంటిచోట్లను ఉద్యోగములు కావలెనన్నచో ఈ పేర్లు దరఖాస్తులో ఉండవలెనని వారి వాదము. మన పిల్లలలో అధికులు మొదటి తరము పట్టభద్రులు. వారికి ఉద్యోగము ఎంత అవసరమో మాకు తెలియనిది కాదు. కాని గత సంవత్సరము ఇంటర్వ్యూకు పోయి తిరిగి వచ్చిన ఒక విద్యార్థి చెప్పినది వినుడు. దరఖాస్తులో హైబర్నేట్ అని చూచి, దాని గురించి రెండు ప్రశ్నలు అడిగి, తరువాత కాగితము చేతికిచ్చి రెండు పట్టికలను కలుపు వాక్యము వ్రాయమన్నారట. వ్రాయలేకపోయినాడు. అతనికి దుభాషి పేరు తెలిసినది, భాష తెలియలేదు.

సాధనముల పేర్లు మారుచుండును. దానికి దూరము పోనక్కరలేదు. మన గ్రంథాలయములోని పాత జావా పుస్తకములలో జేపీఏ ఉదాహరణలన్నియు 'జావాఎక్స్' అను మాటతో ఆరంభమగును. ఆ సాంకేతికము ఎక్లిప్స్ ఫౌండేషను చేతికి పోయిన పిమ్మట ఆ మాట 'జకార్తా' అయినది. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ మూడవ సంపుటములో పాత మాట పనిచేయదు. పుస్తకము చూచి యథాతథముగా కొట్టిన మన విద్యార్థులు రెండు దినములు తలలు పట్టుకొన్నారు. 1974 నాటి ఎస్‌క్యూఎల్‌లో పుట్టిన 'సెలెక్ట్' అను మాట మాత్రము నేటికిని ఉన్నచోటనే ఉన్నది.

ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు 1917లో ఈ నగరములో దారుత్తర్జుమాను నెలకొల్పినప్పుడు, మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఆధ్వర్యవములో శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినారు. శాస్త్రపదములను నిర్ణయించు సంఘములలో శాస్త్రము తెలిసినవారిని, భాష తెలిసినవారిని ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండబెట్టెడివారు. ఒకరు తప్పినచో ఇంకొకరు పట్టుకొనుటకు. మేము కోరునది అంతకంటె పెద్దది కాదు. అదనపు గంటలలో మొదటి సగము పట్టికలు గీయుటకు, ఎస్‌క్యూఎల్ చేతితో వ్రాయుటకు ఉంచవలెను. హైబర్నేట్ ఆ తరువాత రావలెను. అది వచ్చిన పిమ్మట కూడ, అది పంపు వాక్యములను చూపు అమరికను మూయకుండ, ఆ వాక్యములను చదివి అర్థము చెప్పుట ప్రాజెక్టు మార్కులలో భాగము కావలెను. నకలు తీసి దాచు పద్ధతి నేర్పకుండ ఏ విద్యార్థి చేతికిని నిజమైన వివరములు ఇవ్వరాదు. దీనికి కొత్త కంప్యూటర్లు అక్కరలేదు, కొత్త ఖర్చు లేదు. సభ్యుల పట్టికలో ఏ గడులు ఉండవలెనో నిర్ణయించునాడు ఉర్దూ, తెలుగు విభాగములవారిని కూడ పిలిచినచో మేము సంతోషముగా వచ్చెదము.

ఆ 413 ప్రశ్నల అచ్చుకాగితములు ఉపన్యాసకుల గదిలో మా బల్లమీదనే ఉన్నవి, చూడగోరువారు చూడవచ్చును. సభ్యుల పట్టికలో ఇప్పుడు పూర్తి పేరు అని ఒకే గడి ఉన్నది, చుక్కలు పోయినవి. పుస్తకములు మరల ఎక్కించు పని సగము దాటినది. 'గాలిబ్ గీతాలు' గాలిబు పేరుతో వెదకినను, దాశరథి పేరుతో వెదకినను వచ్చుచున్నది. గ్రంథపాలకులు మాత్రము అక్సెషన్ రిజిస్టరును ఇంకను బీరువాలో పెట్టలేదు.